జులై దాకా ఆగమన్న మేస్త్రి

డబ్బులిస్తాను, పని చెయ్యమంటే వద్దన్న మనిషిని ఈ దేశంలో నేను ఒక్కణ్ణే చూశాను.

మూడేళ్ళ కిందటి మాట. డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో మా ఇల్లు. కట్టినప్పుడు బిల్డరు గుమ్మం వైపు ఒక లైవ్ ఓక్, పెరట్లో ఒక రెడ్ ఓక్ నాటి వెళ్ళాడు. పాత ఆకు రాలుతుండగానే కొత్త చిగురు తొడుక్కుని ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది కాబట్టి దానికి లైవ్ ఓక్ అని పేరు. పదిహేనేళ్ళలో దాని కొమ్మలు ఒక పక్క ఇంటి కప్పుని గోకడం మొదలుపెట్టాయి, ఇంకో పక్క సైడ్‌వాక్ మీద నడిచేవాళ్ళ తలలు నిమురుతున్నాయి. ఏప్రిల్లో హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, నుంచి తాఖీదు వచ్చింది. నెల రోజుల్లో కొమ్మలు ఎత్తించకపోతే జరిమానా.

తెలిసినవాళ్ళు నంబరిస్తే ఒకాయనకి ఫోన్ చేశాను. అరవై దాటిన టెక్సస్ మనిషి. ఆయన పేరు ఇక్కడ అక్కర్లేదు. నేను మనసులో మేస్త్రి అనే పిలుచుకున్నాను, ఇప్పటికీ అదే పేరు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కాండం మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఊరుకున్నాడు. "జులైలో వస్తా" అన్నాడు. నోటీసు చూపించాను, కావాలంటే పైన ఇంకో రెండొందలు వేసుకోమన్నాను. "నోటీసు నీకు వచ్చింది, చెట్టుకి రాలేదు" అన్నాడు, నవ్వకుండా.

సంగతేమిటంటే, ఈ రాష్ట్రంలో ఓక్ చెట్లకి ఓక్ విల్ట్ అని ఒక బూజు తెగులుంది. నీళ్ళు పైకెక్కే నాళాల్లో చేరి చెట్టుని నిలువునా ఎండబెడుతుంది. రెడ్ ఓక్‌కి తగిలితే కొన్ని వారాల్లో సరి. అలా చచ్చిన రెడ్ ఓక్ బెరడు కింద, చలి తగ్గే రోజుల్లో, ఆ బూజు చాపలా పరుచుకుని పులిసిన పండ్ల వాసన వేస్తుంది. ఆ వాసనకి నువ్వుగింజంత పురుగులు చేరతాయి. ఒంటికి బూజు పూసుకుని బయల్దేరి, ఎక్కడ పచ్చిగాయం కనిపిస్తే అక్కడ వాలతాయి. లైవ్ ఓక్‌లతో ఇంకో తిరకాసు. పక్కపక్క చెట్ల వేళ్ళు భూమిలో ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉంటాయి. ఒకదానికి పట్టిందంటే వేళ్ళ దారినే వరసంతా పాకుతుంది. అందుకని ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ మీద రంపం పెట్టొద్దని టెక్సస్ ఎ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళు ఏటా చెప్తూనే ఉంటారు. వినేవాళ్ళు వింటారు.

విననివాళ్ళూ ఉన్నారు. ఆ మర్నాడే ఒక కుర్రాడు పికప్ వేసుకుని వచ్చి, సగం ధరకి ఆ సాయంత్రమే కొట్టిపెడతానన్నాడు. టెక్సస్‌లో చెట్లు కొట్టడానికి రాష్ట్ర లైసెన్సంటూ ఏదీ లేదు. రంపం ఉన్నవాడల్లా చెట్టు డాక్టరే. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ అర్బరికల్చర్ వాళ్ళ పరీక్ష ఒకటి ఉంది. మూడేళ్ళ అనుభవమో దానికి సరిపడా చదువో ఉంటేగాని కూర్చోనివ్వరు, ప్యాసైనా చదువు కొనసాగిస్తేగాని ఆ పట్టా నిలవదు. అయితే అది ఉండి తీరాలని చట్టమేమీ లేదు. ఆ కుర్రాణ్ణి పంపించేశాను. నా జ్ఞానం గొప్పదై కాదు, అంతకు రెండేళ్ళ ముందు అలాంటి చవక బేరం ఒకటి చేసి ఉన్నాను. దాని గుర్తు చెట్టు మీదే ఉంది.

మొదటిరోజే ఆ గుర్తు ముందు మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నాడు. కాండానికి ఆనుకుని, గోడకి గిలాబా చేసినంత నున్నగా కోసేసిన కొమ్మ తాలూకు మచ్చ. అప్పట్లో ఆ నునుపు చూసి పనితనమనుకున్నాను. గాయానికి కుడీ ఎడమా పెదవుల్లా కొత్త కలప లేచింది. పైనా కిందా ఏమీ లేచిరాలేదు, మధ్యలో కలప మెత్తబడి గోధుమరంగు తిరిగింది. వేలు పెడితే గోరు దిగింది. "చెట్టు దీన్ని గుండ్రంగా మూసుకోవాలి. మూసుకునే సరుకు కొమ్మతో పాటు కోసుకుపోయారు" అన్నాడు. ఎవరు కొట్టారని అడగలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

ఆ సరుకుండే చోటే ఈ పనిలో అసలు కీలకం. కొమ్మ మొదట్లో, కాండంలోంచి బయటికొచ్చే చోట, ఉంగరంలా చిన్న ఉబ్బు ఉంటుంది. వీళ్ళు దాన్ని కాలర్ అంటారు. దాన్ని చూడ్డం నేర్పినవాడు అలెక్స్ షైగో (1930–2006). యు.ఎస్. ఫారెస్ట్ సర్వీసులో పనిచేస్తూ, కొన్ని వేల చెట్లని రంపంతో నిలువునా చీల్చి లోపల కుళ్ళు ఏ దారిన నడుస్తుందో చూశాడు. చెట్టుకి మనలాగా గాయం మానదని తేల్చాడు. పాడైనచోట కొత్త కణాలు రావు. పాడైనదాని చుట్టూ గోడలు కట్టి అక్కడే బంధించి, దాని మీదుగా కొత్త కలప పెంచుకుంటూ పోతుంది. 1977లో ఆ గోడల లెక్క అచ్చువేశాక, కాండానికి నున్నగా కోసి పైన తారు పూసే పాత పద్ధతి మెల్లమెల్లగా పోయింది. గాయానికి రంగు పుయ్యడం వల్ల చెట్టుకి ఒరిగేదేమీ లేదన్నది ఇప్పుడు చెట్ల పనివాళ్ళందరికీ తెలిసిన మాట. ఓక్ విల్ట్ తిరిగే నేలమీద ఓక్‌కి మాత్రం, పురుగు వాలకముందే, ఏ నెలలో కోసినా రంగు పూసి తీరాలి. రూలూ, దాని మినహాయింపూ రెండూ మేస్త్రికి ఒకే ఊపిరిలో వస్తాయి. ఆయన నోట షైగో పేరు మనవాళ్ళు ఊళ్ళో పాత ఆచారి పేరెత్తినట్టు వస్తుంది.

ఇంతకీ జరిమానా సంగతి? నేను గింజుకుంటున్నది కొమ్మ కోసం కాదని, కాగితం కోసమని ఆయన మొదటి ఐదు నిమిషాల్లోనే పట్టేసినట్టున్నాడు. హెచ్‌ఓఏకి తనే ఒక పేజీ ఉత్తరం రాశాడు. తెగులు పేరు, ఆగాల్సిన నెలలు, తన సర్టిఫికెట్ నంబరు, వచ్చే తేదీ. గడువు ఆగస్టు దాకా పెరిగింది. ఆ మొదటిరోజు వెళ్ళేముందు ట్రక్కులోంచి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ ఒకటి తెచ్చి, సైడ్‌వాక్ మీదికి వాలిన కొమ్మని పై కొమ్మకి ఎత్తి కట్టాడు. తాడెందుకు వాడలేదంటే, సన్నటి తాడు బెరడుని నొక్కేస్తుందన్నాడు. ఆ పూట పనికి పైసా అడగలేదు. మామూలు లెక్కలో నేను ఆయనకి బేరం కుదరని కస్టమర్ని.

నా కంటే గడ్డు కస్టమరు ఇంట్లో ఉన్నారు. ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన మా అత్తగారు. ఈయన వచ్చాడని తెలిసి బయటికొచ్చి, "కొమ్మలెందుకు నాయనా, మొత్తం చెట్టే తీయించు. గుమ్మానికెదురుగా చెట్టేమిటి, ద్వారవేధ" అన్నారు. దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే మేస్త్రి అడ్డొచ్చి "వాస్తు?" అన్నాడు. ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళు మనవాళ్ళవే, ఈ ప్రశ్న ఆయనకి కొత్త కాదు. టేపు తీసి, ఒక కొస నాచేత గడప మధ్యన పట్టించి, నేరుగా రోడ్డు దాకా లాగాడు. చెట్టు కాండం ఆ గీతకి నాలుగడుగుల మీద ఎడమపక్కన ఉంది. అత్తగారిని పిలిచి, టేపుని వేలితో చూపించాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఒకసారి గుమ్మం కేసీ ఒకసారి చెట్టు కేసీ చూసి, "అయితే పర్లేదు. పక్కకే ఉంది" అన్నారు. ఆయన నవ్వలేదు, నాకు కన్నూ గీటలేదు. నేనైతే ఆ రెండూ చేసుండేవాణ్ణి.

తరవాత మెయిల్లో వచ్చిన ఎస్టిమేట్ చదివి తీరాల్సిన కాగితం. "చెట్టు ట్రిమ్మింగ్: ఇంత" అని ఒక్క ముక్కలో తేల్చే కాగితాలు చాలా చూశాను. ఇందులో కప్పు మీది కొమ్మలు మూడు, ఒక్కోటి ఎన్నంగుళాల మందం, ఏ దిక్కు. సైడ్‌వాక్ కొమ్మ ఒకటి. తియ్యనివి ఏవో కూడా రాశాడు. కట్టెలు కావాలంటే 16 అంగుళాల ముక్కలు చేసి గేటు పక్కన పేరుస్తాం, చీల్చడం మా పని కాదు. పక్కింటివాళ్ళ స్థలంలోకి తాడు కూడా వెయ్యం, వెయ్యాల్సొస్తే వాళ్ళ సంతకం కావాలి. వాక్యానికొకటి చొప్పున, వెనక ఎక్కడో జరిగిన తగువులన్నీ అందులో పూడ్చిపెట్టి ఉన్నాయి.

జులైలో ఒకరోజు పొద్దున్న ఆరున్నరకే వచ్చారు. మేస్త్రి, ఇద్దరు మెక్సికో కుర్రాళ్ళు, మనిషిని తొట్టిలో పైకెత్తే, ఇరవయ్యేళ్ళు పైబడ్డ బకెట్ ట్రక్కు, దాని వెనక కొమ్మల్ని పొట్టుచేసే చిప్పర్. ట్రక్కు రంగు వెలిసిపోయింది, తలుపు మీద సొట్ట. దాన్ని డ్రైవ్‌వే ఎక్కించలేదు. ఇళ్ళ ముందు పోసే కాంక్రీటు నాలుగంగుళాలే, ఈ బరువుకి బీట తీస్తుందని రోడ్డు మీదే నిలిపాడు. ఇంజను కింద ప్లైవుడ్ చెక్క వేశాడు. "కొమ్మ కప్పు మీద పడితే ఇన్సూరెన్సు ఉంది. డ్రైవ్‌వే మీద నూనె చుక్క పడితే మాత్రం ఏడాదిపాటు ఫోన్లు" అన్నాడు.

తరవాత ఇరవై నిమిషాలు చెట్టు వైపు చూడనే లేదు. కుర్రాళ్ళలో ఒకడు గడ్డిలో ఉన్న స్ప్రింక్లర్ తలలు వెతికి ఒక్కోదాని పక్కన చిన్న జెండా గుచ్చాడు. ఇంకొకడు డ్రైవ్‌వే మీద పాత బీటల్ని ఫోటోలు తీశాడు. మేస్త్రి ట్రక్కు చుట్టూ నడిచాడు. చక్రాల నట్లు ఒక్కొక్కటీ చేత్తో తడిమాడు. నట్టు చుట్టూ తుప్పు గీత కనిపిస్తే అది వదులవుతోందన్నమాట. ట్రక్కు ఒరగకుండా కాసే అవుట్‌రిగ్గర్లు దించి, వాటి పాదాల కింద పలకలు పెట్టాడు. తొట్టిని మోసే చెయ్యి, బూమ్, ఒకసారి పూర్తిగా ఎత్తి, దించి, మడతల దగ్గర చెవి పెట్టాడు. అప్పుడు జేబులోంచి అట్టముక్క తీసి హైడ్రాలిక్ గొట్టాల వెంబడి జరుపుకుంటూ పోయాడు. చేత్తో తడమొచ్చుగా అన్నాను. ఆ గొట్టాల్లో నూనె చదరపు అంగుళానికి రెండు మూడు వేల పౌండ్ల ఒత్తిడితో ఉంటుంది. సూదిమొనంత చిల్లు పడినా కంటికి కనపడని ధార చర్మాన్ని దూసుకుని లోపలికెళ్తుంది. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదట. వేలు తీసేయాల్సొచ్చిన వాళ్ళున్నారు. అట్ట మీద తడి మచ్చ పడితే చాలు, ఇంజను ఆపేస్తారు.

బూమ్‌లో పైభాగం ఫైబర్‌గ్లాస్. కరెంటు పారకుండా ఉండడానికి అది. ఏడాదికోసారి దానికి కరెంటు పరీక్ష చేయిస్తాడు, ఆ స్టిక్కరు మీద తేదీ నేను చూశాను. అది ఉందని తీగల దగ్గరికి పోతాడా అంటే, మామూలు వీధి తీగలకి పదడుగులు లోపలికి బకెట్ పోనివ్వడు. ఫైబర్‌గ్లాస్ మీద మట్టీ నూనె జిడ్డూ పేరుకుంటే ఆ జిడ్డు మీదుగానే కరెంటు నడిచొస్తుందట. ఎండకి వెలిసిన ఆ ట్రక్కులో ఒక్క ఆ ముక్క మాత్రం గిన్నెలా తళతళలాడుతోంది.

క్యాబిన్లో ఒక నోటుబుక్కు. ఇంజను ఎన్ని గంటలు తిరిగింది, ఏ కీలుకి గ్రీజు ఎప్పుడు పెట్టాడు, చిప్పర్ కత్తులు ఎప్పుడు తిప్పాడు. ఆ కత్తులకి రెండు వైపులా పదునుంటుంది, ఒక వైపు మొద్దుబారితే తిప్పి బిగిస్తారు. మొద్దుబారిందని ఎలా తెలుస్తుందని అడిగితే, నిన్నటి పని తాలూకు చెక్కపొట్టు గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. అంచులు తెగిన బిళ్ళలు, ఇంచుమించు ఒకే సైజు. కత్తి మొద్దయితే ఇది కొబ్బరిపీచులా వస్తుంది, ఇంజను మూలుగుతుంది, రెమ్మలు గొంతులో చిక్కుకుంటాయి. చిక్కుకున్నదాన్ని ఎవడో కాలితో తొయ్యబోతాడు. ఈ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మారింది. కుర్రాళ్ళ చేతులకి మణికట్టు మీదికి పొడుచుకొచ్చే తొడుగులు లేవని అప్పుడు గమనించాను. రెమ్మకి తగులుకునేది ఏదీ వాళ్ళ ఒంటి మీద లేదు.

ఇక చెట్టు. కప్పు వైపు కొమ్మలకి బకెట్‌లో మేస్త్రే వెళ్ళాడు. లోపలి కొమ్మలకి కుర్రాడు తాడు మీద ఎక్కాడు. పైకొమ్మ మీదుగా వేసిన తాడు, నడుముకి వెడల్పాటి పట్టా, దానికి ముడి. కాళ్ళకి ముళ్ళ బూట్లు లేవు. బతికే చెట్టు ఎక్కడానికి ముళ్ళు వాడకూడదు, ప్రతి అడుగూ ఒక గాయం. చూస్తుంటే నల్గొండ వైపు గీత కార్మికులు గుర్తొచ్చారు. నడుముకి మోకు, పాదాలకి బంధం, తాటిచెట్టు బెరడు తప్ప పట్టుకోడానికి ఇంకేం లేదు. వాళ్ళ నేర్పు ఈ కుర్రాడి కంటే ఎక్కువేనంటాను, తక్కువల్లా వెనక కాచుకునే తాడు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షా కవచం పేరుతో వాళ్ళకి కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎన్ని తరాల తరవాతో చూడండి.

సైడ్‌వాక్ మీది కొమ్మ నా కళ్ళ ఎత్తున ఉంది కాబట్టి దాన్ని దగ్గర్నుంచి చూశాను. ముందు పట్టీ విప్పాడు. కాండానికి మూరెడు దూరంలో కొమ్మ కింది వైపు నుంచి, మందంలో మూడోవంతు దాకా ఒక కోత. దానికి కాస్త అవతల, పై నుంచి రెండో కోత. కొమ్మ చిటుక్కున విరిగి అక్కడితో ఆగింది. కింది కోత లేకపోతే తన బరువుకి తనే కాండం బెరడుని చీల్చుకుంటూ పోయేది. అడుగు మందం, అడుగు పొడుగు ఉన్న పచ్చి లైవ్ ఓక్ ముక్క పాతిక కిలోలు దాటుతుంది మరి. మిగిలింది మూరెడు మోడు. ఇప్పుడు మేస్త్రి పెద్ద రంపం ఆపేసి చేతిరంపం తీశాడు. కాలర్ ఎక్కడ మొదలవుతుందో బొటనవేలితో రాసి చూశాడు. పైన బెరడు ముడతపడ్డ గీత, కింద ఉబ్బు ఆగేచోటు. ఆ రెండిటికీ అవతలగా, కాస్త ఏటవాలుగా రంపం పెట్టి, ఎడమచేత్తో మోడుని ఎత్తిపట్టుకుని కోశాడు. ఆఖరి నాలుగు లాగుళ్ళు ఎంత నెమ్మదంటే పొట్టు రాలడం వినిపించింది. కోసిన మొహాన్ని, రంగు డబ్బా ఎత్తిపట్టుకుని నిలబడ్డ కుర్రాడికి వదిలి పక్కకి జరిగాడు. తెగడానికీ నల్లరంగు పడ్డానికీ మధ్య నేను మూడు అంకెలు లెక్కపెట్టి ఉంటాను.

మనూళ్ళలో కరెంటు తీగల కింద వేపచెట్లకి వానాకాలం ముందు జరిగే క్షవరం నాకు తెలుసు. అడ్డదిడ్డంగా నరికిన మోళ్ళు, వాటి చివర్న మరుసటేడు చీపురుకట్టల్లా లేచే బలహీనపు రెమ్మలు, గాలివానకి మళ్ళీ అవే విరిగి తీగల మీద పడ్డం. కొట్టేవాణ్ణి అనను. వాడి చేతికి కత్తిచ్చి, రోజుకి ఇన్ని చెట్లని చెప్పి పంపిస్తే అంతే అవుతుంది.

మధ్యాహ్నం మజ్జిగ ఇస్తే ముగ్గురూ తాగారు. ఎండ 38 డిగ్రీలు. కస్టమర్ల కబుర్లు అప్పుడు చెప్పాడు. 2021 ఫిబ్రవరిలో మంచుతుపాను వచ్చి టెక్సస్ గడ్డకట్టినప్పుడు, మార్చికల్లా ఆకు పట్టలేదని ఓక్‌లు తీయించేస్తామని ఫోన్ల మీద ఫోన్లు. వేసవి దాకా ఆగండి, చిగురిస్తాయేమో చూద్దామని ఒక్కొక్కరికీ చెప్పాడట. కొందరు ఆగారు. కొందరు ఇంకొకళ్ళని పిలిచి నరికించుకున్నారు. ఆ సీజన్లో మీరు ఎంత పోగొట్టుకున్నారని అడిగితే, ఆగిన ఇళ్ళ చెట్లకి ఇప్పుడూ తనే వస్తున్నానన్నాడు. చెట్టు కింద నిలబడి ఫోన్లో వీడియో తీస్తూ సలహాలిచ్చే రకం ఇంకొకరు. వాళ్ళతో వాదించడు. తలకి హెల్మెట్ పెట్టి, రోడ్డు చివర నిలబెట్టి, సైకిళ్ళ మీద పిల్లలొస్తే ఆపమని పని అప్పగిస్తాడు. ఇది విన్నాక గుర్తొచ్చింది, పొద్దున్న నాకూ ఒక హెల్మెట్ ఇచ్చి పోస్ట్‌బాక్సు దగ్గర నిలబెట్టాడు.

పని అయ్యాక గడ్డి బ్లోయర్‌తో ఊది, జెండాలు లెక్కపెట్టి తీసి, ప్లైవుడ్ చెక్క తిరగేసి చూశాడు. పొడిగా ఉంది. బిల్లు 1,150 డాలర్లు. అలవాటు కొద్దీ "ఫైనల్ ఎంత?" అన్నాను. నా మొహంలోకి చూసి, ఎస్టిమేట్ కాగితం మీద తియ్యనివి అని రాసిన వరస మీద వేలు పెట్టాడు. "ఇందులో ఇంకోటి కోస్తే పెరుగుతుంది. తగ్గాలంటే కోసినవాటిలో ఏది అతికించమంటావు?" చెక్కు రాసిచ్చాను.

మొన్న ఏప్రిల్లో సైడ్‌వాక్ వైపు కోసిన ఆ గాయం ముందు మళ్ళీ నిలబడ్డాను. నల్లరంగు ఎండకి పొలుసులుగా లేచిపోయింది. దాని చుట్టూ, పైనా కిందా పక్కలా ఎక్కడా తెగకుండా, గారెలా గుండ్రటి అంచు. చిటికెన వేలు పెడితే గాయం మధ్యలో ఇంకా అంత ఖాళీ ఉంది. రెండడుగుల కింద ఆ పాత మచ్చలో ఈసారి చీమలున్నాయి.

సరిగ్గా అప్పుడే రోడ్డవతల రంపం మోగింది. ఎదురింటి రావుగారి రెడ్ ఓక్ మీద ఎవరో కుర్రాళ్ళు ఎక్కి ఉన్నారు. కింద రంగు డబ్బా ఏదీ కనపడలేదు. గరాజ్‌లోకి పరుగెత్తి, అటకమీద మిగిలిన నల్లరంగు స్ప్రే తీసుకుని రోడ్డు దాటాను. ఫిబ్రవరి అన్నాను, జూన్ అన్నాను, నువ్వుగింజంత పురుగులన్నాను. రావుగారు ఓపిగ్గా అంతా విని, డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "సరేగాని, మీరప్పుడు ఎంతకి కొట్టించారండీ?" అన్నారు.